పని పాపం

మార్చి 1, ఆదివారం

ఈరోజు ప్రార్థనలో పెద్దక్క నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది. "బాప్తిస్మానికి ఎవరెవరు సిద్ధంగా ఉన్నారు?" అని పాస్టరుగారు అడిగారు. ఆవిడ కుడిచెయ్యి తనకోసం ఎత్తి, ఎడమచేత్తో నాది ఎత్తింది. అందరూ చప్పట్లు కొట్టారు. దించేద్దామంటే ఆవిడది ఉడుంపట్టు. మా ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు కత్తెరలు, పట్టకార్లు తోమిన చెయ్యి మరి. సొంత అక్క కాదు, మా గదికి ఇన్‌ఛార్జిగా ఉండేది, అందరం అలాగే పిలుస్తాం.

నెలాఖరు ఆదివారం, 29న. ఇంకా ఇరవై ఎనిమిది రోజులుంది.

ఆ సంఘానికి నేను వెళ్లింది భక్తితో కాదు. ఈ పుస్తకంలోనైనా నిజం రాసుకోవాలి. తన ఉద్యోగం పోయాక పెద్దక్క ఎవరితో ఏం మాట్లాడుతోందో, ఆరోజు గురించి ఏమైనా గుర్తొచ్చిందేమో కనిపెట్టుకుని ఉందామని వెళ్లాను. "నువ్వూ రావే, మనసు తేలికపడుతుంది" అని తనే పిలిచింది. ఇప్పుడు పీకల మీదికొచ్చింది.

ఆరోజు గురించి రాయను. రాయాల్సిందేమీ లేదు. పట్టీ నల్లగానే ఉంది.

మార్చి 2

పట్టీ నల్లగానే ఉంది. రిజిస్టర్లో ఇప్పటికీ ఉంది, కావాలంటే ఎవరైనా చూసుకోవచ్చు.

మార్చి 7, శనివారం

బాప్తిస్మం తీసుకునేవాళ్లకు ఈరోజు మొదటి క్లాసు. మొత్తం నలుగురం: పెద్దక్క, నేను, ఒక టైలరు, ఒక బస్సు డ్రైవరు. సంఘం నడిచేది పాత టైర్ల షాపులో. ఎంత కడిగినా రబ్బరు వాసన పోలేదు. పాస్టరుగారు వారమంతా ప్లంబరు పని చేస్తారు, ఆదివారం వాక్యం చెబుతారు.

ఏవో నాలుగు ముక్కలు బట్టీ పట్టిస్తారనుకున్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని ఇలా మొదలుపెట్టారు. "నది ఒడ్డున బాప్తిస్మమిచ్చినాయన దగ్గరికి జనం వచ్చారు. మేమేం చెయ్యాలి అని అడిగారు. ఆయన అందరికీ ఒకటే మందు ఇవ్వలేదు. పన్నులు వసూలు చేసేవాళ్లకి ఒకటి చెప్పాడు, సైనికులకి ఇంకోటి చెప్పాడు. ఎవరి పాపం వాళ్ల పనిలోనే ఉంటుంది. అందుకే మా సంఘంలో దేవుణ్ణి నమ్ముతున్నారా అని తర్వాత అడుగుతాం. ముందు మీ పనేంటి, ఆ పనిలో మీరు చేసిన పాపమేంటి అని అడుగుతాం. దాన్నే పని పాపం అంటాం. 29న నీళ్లలో దిగాక, మునిగేముందు అందరికీ వినబడేలా అది చెప్పాలి."



"నాది నేను చెప్పేస్తా. బాగున్న కుళాయిలు పాడైపోయాయని చెప్పి మార్చినవి నలభైకి పైనే" అన్నారాయన. టైలరు కాసేపు నసిగి, "మా ఇంట్లో దిండు గలేబులన్నీ జనాల జాకెట్ ముక్కలేనండి" అన్నాడు. డ్రైవరు, ముసలివాళ్లు స్టాపు దగ్గరికి పరిగెత్తుకొస్తుంటే అద్దంలో చూస్తూనే బస్సు లాగించేవాడట. ఎందుకలా చేసేవాడో తనకే తెలియదట.

నా వంతు వచ్చింది. ముందు నీ పని వివరంగా చెప్పమన్నారు. చెప్పాను. ఆపరేషన్లకు వాడిన పరికరాలు మా గదికి వస్తాయి. కడిగి, నీలం గుడ్డల్లో మూటలు కట్టి, ఆవిరి మిషన్లో పెడతాం. మూటల మధ్య ఒక కాగితం పట్టీ పెడతాం. సరిపడినంతసేపు ఆవిరి తగిలితే పట్టీ మీది గీత నల్లబడుతుంది, మిషన్ మధ్యలో ఆగిపోతే బూడిద రంగులోనే ఉండిపోతుంది. ఆ పట్టీని టైముతో సహా రిజిస్టర్లో అంటిస్తాం. "మనిషి అబద్ధం చెప్పొచ్చు గానీ పట్టీ చెప్పదయ్యగారూ" అని పక్కనుంచి పెద్దక్క అందించింది. కొత్తగా చేరినవాళ్లందరికీ ఆవిడ నేర్పే మాట అది. నాకూ నేర్పింది.

"మరి నీ పాపం?" అన్నారు పాస్టరుగారు.

"ఆసుపత్రి చేతి తొడుగులు ఇంటికి తెచ్చానండీ. మా అమ్మ జుట్టుకి రంగు వెయ్యడానికి."

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నా మొహం వంకే చూస్తూ ఉండిపోయారు.

తర్వాత పెద్దక్క లేచింది. "నేను తప్పు అరలోంచి మూటలు తీశానయ్యగారూ. ఆవిరి పట్టని మూటల్ని ఆపరేషన్‌కి పంపించా. ఒకాయన కాలు తీసేశారు. నాకు గుర్తు లేదు, కానీ నేనే" అంది. టైలరు తల వంచుకున్నాడు.

మార్చి 8

రాస్తాను. రాస్తే చెయ్యి పడిపోదు.

పోయిన ఏప్రిల్లో రెండో మిషన్ తొమ్మిదో నిమిషంలో ఆగిపోయింది. ఇరవై నిమిషాలు నడవాలి. ఆపరేషన్ గది నుంచి అప్పటికే మూడుసార్లు ఫోను వచ్చింది, మూడోసారి డాక్టరే తిట్టాడు. తలుపు తీసి చూస్తే పట్టీ బూడిద రంగులో ఉంది. మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. మూటలు చెయ్యి కాలేంత వేడిగా ఉన్నాయి. ఇంత వేడిలో ఏ క్రిమి బతుకుతుందిలే అనుకున్నాను. తీసుకెళ్లి తయారైన మూటల అరలో సర్దేశాను. పొద్దున లోడులో నేను అలవాటుగా రెండు పట్టీలు పెట్టాను. ఒకటి రిజిస్టర్లో అంటించగా రెండోది సొరుగులో ఉంది, నల్లగా, నిగనిగలాడుతూ. దాన్ని తీసి ఈ లోడు పక్కన అంటించి టైము వేశాను. బూడిద పట్టీని నలిపి చెత్తబుట్టలో పడేశాను. పెద్దక్క వచ్చి మూటలు బండి మీద పెట్టుకుని వెళ్లింది.

మోకాలికి ఆపరేషన్ చేయించుకున్న మనిషి గోడలకు రంగులేసేవాడు. చీము పట్టింది. తొడ దాకా తీసేశారు.

విచారణ కమిటీ రిజిస్టరు తెరిచింది. పట్టీ నల్లగా ఉంది, కాబట్టి మిషన్ తప్పు కాదు. అలాంటప్పుడు మూటలు ఆవిరి పట్టనివాటి అరలోంచి వెళ్లి ఉండాలి. తీసుకెళ్లింది ఎవరు? పెద్దక్క. ఆరోజు ఆవిడకు జ్వరం కూడా ఉంది. రెండు రోజులు "సరైన అరలోంచే తీశాను" అని మొత్తుకుంది. మూడోరోజు "ఏమో, జ్వరంలో పొరబడ్డానేమో" అంది. నాలుగోరోజుకు ఆవిడే నమ్మేసింది. ఉద్యోగంలోంచి తీసేశారు.

నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

అడిగారు. ఒకసారి అడిగారు. పట్టీ నల్లగానే ఉంది కదండీ అన్నాను.

మార్చి 11

డ్యూటీలో గిన్నె కింద పడితే కేక పెట్టాను. మామూలు స్టీలు గిన్నె.

మార్చి 15, ఆదివారం

ఈరోజు వాక్యం రాబోయే ఆయన గురించి. ఆ రోజుల్లో అందరూ మెస్సీయ కోసం కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తున్నారట. నది ఒడ్డున ముంచుతున్నాయన్ని చూసి ఈయనేనేమో అనుకున్నారట. ఆయన మాత్రం, నాది నీళ్ల వరకే, నా వెనకొచ్చేవాడి చేతిలో చేట ఉంటుంది అన్నాడట. "చేట ఎందుకు?" అని పాస్టరుగారు మమ్మల్నే అడిగారు.  రెండు చేతులూ చాచి గాలిలో చెరిగి చూపించారు. గింజ ఇటు, పొట్టు అటు. పొట్టుకు నిప్పు.

అందరూ పరవశంగా వింటున్నారు. డ్రైవరైతే "రావాలి ప్రభువా, త్వరగా రావాలి" అని గట్టిగా అరిచాడు. నేను లోపల, ఇప్పుడే వద్దు, ఇంకొన్నాళ్లు ఆగు, అమ్మ పోయేదాకా ఆగు అని వేడుకున్నాను. ఇన్నేళ్లలో మనస్ఫూర్తిగా చేసిన ప్రార్థన ఇదొక్కటే.

ముందు వరుస ముసలావిడకు చూపు సరిగ్గా ఆనదు. చివర్లో లేచి, "అయ్యా, నాకో అనుమానం. ఆ వచ్చేది నువ్వే కాదు కదా?" అంది. పాస్టరుగారు పగలబడి నవ్వారు. "నేను ప్లంబర్ని అవ్వా. తొట్టిలో నీళ్లు పట్టడం వరకే నా పని. కడిగేవాడు వేరే ఉన్నాడు" అన్నారు.

ఆయన నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. కడగడం నాకు తెలుసు. పద్నాలుగేళ్లుగా అదే పని. మురికి కనబడకపోవడం వేరు, శుభ్రం కావడం వేరు.

మార్చి 18, బుధవారం

పెద్దక్క పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చేసింది. "రంగులాయన ఇంటికెళ్లి క్షమాపణ అడగాలే. ఒక్కదాన్నే వెళ్లలేను, తోడు రా" అంది. తల నొప్పన్నాను. మాత్ర ఇచ్చింది. ఈవిడ సంచిలో ఎప్పుడూ మాత్రలుంటాయి.

రెండు గదుల ఇల్లు. మూలన డబ్బాలు, గట్టిపడిపోయిన బ్రష్షులు. ఆయన ఎక్కి పనిచేసిన నిచ్చెనను అడ్డంగా కట్టి బట్టలు ఆరేసుకుంటున్నారు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. పెద్దక్క లోపలికి వెళ్లి, తనెవరో చెప్పి, వంగి ఆయన పాదం పట్టుకుంది.

ఆయన గభాలున వెనక్కి లాక్కున్నాడు. "ఉన్నది ఒక్కటే కాలు. దాన్నైనా వదిలెయ్యమ్మా" అన్నాడు.

ఆయన భార్య చేస్తున్న పని ఆపి చూస్తోంది. పెద్దక్క నేల మీదే కూర్చుండిపోయి ఏడ్చింది. కాసేపటికి ఆయనే మెత్తబడ్డాడు. "సరేగానీ, అసలేమైంది? నాకెవరూ సరిగ్గా చెప్పలేదు. ఎలా జరిగింది?"

"నాకు గుర్తు లేదయ్యా."

"గుర్తు లేదా?"

"జ్వరంలో ఉన్నా. ఎంత తలుచుకున్నా సరైన అరలోంచి తీసినట్టే కనబడుతుంది. కానీ కాదంట."

ఆయన మొహం ఎర్రబడిపోయింది. "చేసింది గుర్తే లేనప్పుడు నన్నేం క్షమించమంటావు? పద, బయటికి పద. గుర్తొచ్చాక రా."

 సందు మలుపులో పెద్దక్క ఆగి, "ఆయనన్నది నిజమేనే. నాకు గుర్తొస్తే బాగుండు. నువ్వూ గదిలోనే ఉన్నావు కదా, నీకేమైనా గుర్తుందా?" అని అడిగింది.

లేదన్నాను.

మార్చి 19

లేదన్నాను.

మార్చి 21, శనివారం

రెండో క్లాసు. షాపు వెనక కారు కడగడానికి కట్టిన గొయ్యిని పాస్టరుగారే సిమెంటు చేసి, మెట్లు పెట్టి తొట్టి చేశారు. ఇంకా నీళ్లు పట్టలేదు. ఎలా నిలబడాలో, ముక్కు ఎలా మూసుకోవాలో చూపించారు. ఖాళీ తొట్టిలో దిగినా నాకు ఊపిరాడలేదు.

అందరూ వెళ్లాక ఉండిపోయాను. "అయ్యగారూ, పని పాపం పైకే చెప్పాలా? దేవుడికి లోపల్లోపల చెప్పుకుంటే చాలదా?" అని అడిగాను.

ఆయన పైపుకు దారం చుడుతున్నారు. చెయ్యి ఆపకుండానే, "దేవుడికి ఎటూ తెలుసు కదమ్మా. ఆయనకి కొత్తగా చెప్పేదేముంది? తెలియనివాళ్ల సంగతి ఆలోచించు" అన్నారు.

"చెబితే ఉద్యోగం పోయేలా ఉంటే?"

అప్పుడు చెయ్యి ఆగింది. "తొడుగుల గురించి కాదన్నమాట" అన్నారు.

నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వచ్చేశాను. ఆయన పెద్దక్కకు చెబితే? చెప్పరు. చెప్పడానికి ఆయనకేం తెలుసు?

మార్చి 24

మా అమ్మకు కళ్లు మందగించాయి గానీ ఆవిడ కంట్లో దుమ్ము కొట్టడం ఎవరి వల్లా కాదు. ఈ మధ్యాహ్నం నేను వంటగది గచ్చు కడుగుతుంటే మంచం మీద నుంచి పిలిచింది.

"చిన్నప్పుడు గ్లాసు పగలగొడితే, నేను అడగకముందే గిన్నెలన్నీ తోమి పెట్టేదానివి. ఈ నెల్లో ఇల్లు మూడుసార్లు కడిగావు. ఏం పగిలిందే?"

"ఏం లేదమ్మా."

"పెద్దదే అయ్యుంటుంది" అని అటు తిరిగి పడుకుంది.

మార్చి 27

ఆలోచిస్తే ఇందులో భయపడాల్సిందేమీ లేదు. తొడుగుల పాపం చెబుతాను. మునుగుతాను. మునిగితే పాపాలన్నీ పోతాయని వాళ్లే అంటున్నారు. అన్నీ అంటే ఇదీ పోతుంది. పెద్దక్క కూడా మునుగుతుంది, ఆవిడ మనసూ తేలికపడుతుంది. ఇద్దరికీ మంచిదే. కాలు ఎటూ తిరిగి రాదు.

పైగా ఉద్యోగం ఉన్నా ఆవిడ ఇంకో రెండేళ్లలో రిటైరయ్యేదే.

ఏం రాస్తున్నాను నేను? చేతులు కొరికేసుకోవాలనిపిస్తోంది. నాలాంటిది నీళ్లలో దిగితే నీళ్లే మైలపడతాయి. దిగకపోతే, రేపో ఎల్లుండో ఆ చేట పట్టుకుని ఆయన వస్తే, పొట్టుతో పాటు ఎగిరిపోతాను. చెబితే జైలు. ఎటు చూసినా గొయ్యే.

మార్చి 28

జ్వరమొస్తే బాగుండు. థర్మామీటరు రెండుసార్లు పెట్టుకున్నాను. లేదు.

మార్చి 29, ఆదివారం

జరిగిందంతా రాయాలి. మర్చిపోయానని రేపు నాకు నేను చెప్పుకోకుండా.

తొట్టి నిండుగా ఉంది. తెల్లబట్టల్లో నలుగురం వరసగా నిలబడ్డాం. టైలరు దిగాడు, గలేబుల గురించి చెప్పాడు, మునిగి లేచాడు. అందరూ పాట అందుకున్నారు. డ్రైవరు తన సంగతి చెబుతూ పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. మూడోది పెద్దక్క. చివర నేను.

ఆవిడ మెట్లు దిగింది. నీళ్లు నడుము దాటాయి. పాస్టరుగారు "నీ పని పాపం చెప్పమ్మా" అన్నారు. ఆవిడ కళ్లు మూసుకుని, "తప్పు అరలోంచి..." అంది.

నోరు తెరవాలని నేను అనుకోలేదు. ఇది నిజం, గొప్ప కోసం రాయడం లేదు. "కాదు" అని ఎవరో అరిచారు. అందరూ నా వైపు తిరిగితే అది నేనేనని తెలిసింది.

"కాదక్కా. నువ్వు సరైన అరలోంచే తీశావు. అందులో పెట్టింది నేను. మిషన్ మధ్యలో ఆగిపోయింది. రిజిస్టర్లో వేరే లోడు పట్టీ అంటించా."

 ముందు వరుస ముసలావిడ "ఏమంటోంది? ఏమంటోంది?" అని పక్కావిణ్ణి గిల్లుతోంది. పెద్దక్క కళ్లు తెరిచింది. పనిలో అడిగినట్టే అడిగింది.

"ఎన్నో నిమిషంలో ఆగింది?"

"తొమ్మిదో నిమిషంలో."

"రెండోదా?"

"రెండోదే."

"సరైన అరలోంచే తీశానా?"

"సరైన అరలోంచేనక్కా."

"సరైన అరలోంచే" అంది పెద్దక్క నీళ్లతో. ఇంకోసారి అంది. మూడోసారీ అంది. పాస్టరుగారు భుజం పట్టుకోబోతే విదిలించేసింది.

"నాకిప్పుడు చెప్పడానికి పాపం లేదయ్యగారూ" అంది. మళ్లీ నా వైపు చూసి, "ఉంది. ఇప్పుడే పుట్టింది. దీని తల పట్టుకుని ఈ నీళ్లలో తొక్కిపెట్టాలనుంది. ఇది మనసులో పెట్టుకుని నేను మునగలేను" అంది.

మెట్లెక్కి వచ్చేసింది. తడి బట్టలతోనే వీధిలోకి వెళ్లిపోయింది. ఎవరో తువ్వాలు పట్టుకుని వెనక పరిగెత్తారు.

పాస్టరుగారు తొట్టిలోనే నిలబడి ఉన్నారు. నేను దిగడానికి కాలు పెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. కోపంగా కాదు.

"నీళ్లు ఎక్కడికీ పోవమ్మా. నువ్వు ముందు వెళ్లాల్సిన చోటు వేరే ఉంది."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.  ఆవిడ "రేపు వెళ్లేముందు ఏమైనా తిని వెళ్లు" అంది.

మార్చి 30, సోమవారం

తొమ్మిదిన్నరకల్లా ఆసుపత్రి ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చున్నాను.  రెండుసార్లు లేచి మెట్ల దాకా వెళ్లి తిరిగొచ్చాను. మూడోసారి లేచేసరికి మెట్లెక్కి పెద్దక్క వస్తోంది. బెంచీకి ఆ చివర కూర్చుంది. మా మధ్య ఇంకో మనిషి కూర్చునేంత చోటు వదిలింది.

"అక్కా" అన్నాను.

"నీకోసం రాలేదు" అంది గోడ వైపు చూస్తూ. "నా చెవులతో నేను వినాలి."

లోపల సూపరింటెండెంటుగారు నా మాటలు సగం విని, మిగతాది గుమస్తాకు చెప్పి రాయించమన్నారు. ఉద్యోగం ఇవాళే ఆపేస్తారట, పోలీసులకు తెలియజేయాల్సి ఉంటుందట. అన్నింటికీ తల ఊపాను.  రంగులాయన ఇంటికి కూడా నేనే వెళ్లి చెబుతానన్నాను. మీ ఇష్టం అన్నారు.

గుమస్తా రాసింది చదివి వినిపించాడు. నేను బూడిద రంగు పట్టీ పారేశానని, వేరే పట్టీ అంటించానని, విచారణలో దాచానని, ఇన్‌ఛార్జి తప్పేమీ లేదని. తలుపు దగ్గర నిలబడిన పెద్దక్క, "చివరిది మళ్లీ చదువు నాయనా" అంది. చదివాడు. "ఇంకొక్కసారి" అంది. అతను నా వైపు చూశాడు, సూపరింటెండెంటుగారి వైపు చూశాడు, మళ్లీ చదివాడు. ఇన్‌ఛార్జి తప్పేమీ లేదు. ఆవిడ గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని విన్నది.

గుమస్తా కాగితం నా ముందుకు జరిపి పెన్ను ఇచ్చాడు. కాగితం మీద సిరా చుక్క పడింది. ఇక్కడిదాకా వచ్చి, ఇప్పుడు కూడా, చించి పారేసి పారిపోదామనే అనిపించింది.

పెద్దక్క వచ్చి పక్కన నిలబడింది. నిన్న తొట్టి దగ్గర్నుంచి ఇప్పటిదాకా నా మొహం చూడలేదు, ఇప్పుడు చూసింది.

"సంతకం పెట్టు" అంది.

పెట్టాను.